వద్దంటే వడ్డించారు: తుర్క్‌మెన్ భాషలో ‘కాదు’, ‘లేదు’ చెప్పడమెలా?

ప్రశ్న: మాది కాకినాడ. గ్యాస్ ప్లాంటుల్లో మెకానికల్ మెయింటెనెన్స్ పని. ఏడాది కాంట్రాక్టు మీద తుర్క్‌మెనిస్తాన్‌లో మారీ దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. నాకు రష్యన్ రాదు, నాతో పనిచేసేవాళ్ళకి ఇంగ్లీషు రాదు. అందుకని తుర్క్‌మెన్ నేర్చుకుంటున్నాను. పదాలు బాగానే పట్టుబడుతున్నాయి గానీ ‘కాదు’ అని చెప్పాల్సి వస్తే చాలు, టెన్షన్. మొన్న క్యాంటీన్‌లో ‘మె’ అంటే వద్దని అర్థం కదా అని ‘మెన్ ఇయ్‌మెలి’ అన్నాను, తినను అనే ఉద్దేశంతో. వడ్డించే పెద్దావిడ ఇంకో గరిటె వేసి వెళ్ళింది. ‘నాకు తెలియదు’ అనడానికి ‘బిల్యారిన్ ద్యాల్’ అంటే కుర్రాళ్ళు నవ్వారు. అవి పోనీ అనుకుంటే, షిఫ్టు మారేటప్పుడు పంపు పనిచెయ్యట్లేదని చెప్పబోయి ‘నసోస్ ఇష్లెమెది’ అన్నాను. వాళ్ళు అది బాగైపోయిందనుకున్నారు. ప్రమాదమేమీ జరగలేదు కానీ చీవాట్లు తిన్నాను. ఫోన్‌లో టర్కిష్ యాప్ ఒకటి ఉంది, అది చూస్తే ఇంకా అయోమయంగా ఉంది. అసలు వీళ్ళకి ఎన్ని ‘కాదు’లండీ? ఒక్క మాటతో పని జరగదా?

సమాధానం: ముందుగా, వాళ్ళకి ఎన్ని ‘కాదు’లని అడిగారు గదా, మనకెన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? రాను, రాలేదు, రావట్లేదు, రాలేను, రాకు, రావద్దు, రాకూడదు, రానక్కర్లేదు, రాకుండా, రాని, రాకపోతే. ఒక్క ‘రావడం’ మీదే ఇన్ని. ఇవన్నీ మీకు నిద్రలో కూడా తప్పు పోవు. అలాంటిది తుర్క్‌మెన్ దగ్గరికొచ్చేసరికి ఒక్క మాటతో పని జరగాలంటున్నారు! అది ఇంగ్లీషు నేర్పిన అలవాటు. ఇంగ్లీషులో ‘నాట్’ అనే ముక్కని ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే సరిపోతుంది. మనకలా కుదరదు, తుర్క్‌మెన్‌లోనూ కుదరదు. కాబట్టి ఆ భాషని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా పట్టుకోండి. నాలుగింట మూడు చోట్ల తెలుగే దారి చూపిస్తుంది. నాలుగోచోట తెలుగే ముంచుతుంది, మీ పంపు మునిగింది అక్కడే. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. నేను తుర్క్‌మెన్ మాటల్ని మన లిపిలో రాస్తున్నాను. ‘ద్యా’, ‘మ్యా’ అని రాసినచోట ‘బ్యాంకు’లో పలికినట్టు పలకండి. ‘జ’ అని రాసింది (‘జాక్’, ‘జెక్’ అనే తోకల్లో తప్ప) నిజానికి నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి పలికే శబ్దం, ‘స’ కూడా అంతే. తుర్క్‌మెన్ వాళ్ళు ‘స’ అంటే మీకు ఇంగ్లీషు ‘థింక్’లోని ‘థ’లా వినిపించి ఉంటుంది, అది వాళ్ళ నత్తి కాదు, వాళ్ళ భాషే అంత. ఇక ‘ఙ’. మన వర్ణమాలలో ఎప్పుడూ ఖాళీగా కూర్చునే ఆ అక్షరానికి ఇన్నాళ్ళకి చేతినిండా పని దొరికింది, ఎందుకంటే తుర్క్‌మెన్‌లో ‘నువ్వు’, ‘మీరు’ అనే జాడ చాలాచోట్ల ఈ ‘ఙ’లోనే ఉంటుంది. ఇంకో సంగతి మీకు ముచ్చటగా ఉంటుంది. వాళ్ళ మాటల్లో హ్రస్వ దీర్ఘాల తేడా ఉంది గానీ వాళ్ళ రాతలో చాలావరకు కనపడదు. ‘అత్’ అంటే గుర్రం, ‘ఆత్’ అంటే పేరు. రెండూ వాళ్ళ అక్షరాల్లో ఒకేలా రాస్తారు. మీ నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకోండి, తేడా మీకు మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. తుర్క్‌మెన్‌లో కాదనడానికి మూడు పనిముట్లు. ‘ద్యాల్’, ‘యోక్’, క్రియ లోపల దూరే ‘మ’ లేక ‘మె’. మొదటి రెండూ మీకు పుట్టుకతో వచ్చినవే. ‘ద్యాల్’ అంటే మన ‘కాదు’. ‘యోక్’ అంటే మన ‘లేదు’.

‘మెన్ ముగల్లిమ్ ద్యాల్’ అంటే నేను టీచర్ని కాదు. ‘వగ్తిమ్ యోక్’ అంటే నాకు టైము లేదు. ఆ ‘వగ్త్’ హైదరాబాదులో వినిపించే ‘వక్త్’ అన్నమాటే, అరబ్బీ నుంచి అటూ ఇటూ వెళ్ళింది. ‘ఓల్ ఓయ్‌దె యోక్’ అంటే అతను ఇంట్లో లేడు. ‘ఓయ్‌దె ద్యాల్, ఇష్‌దె’ అంటే ఇంట్లో కాదు, పనిలో ఉన్నాడు. చూశారా, ఇంగ్లీషువాడికి ఈ రెంటికీ తేడా చెప్పాలంటే అరగంట పాఠం కావాలి. మీకు అక్కర్లేదు. ఒకటి లేకపోవడం, రెండోది ఒకటి కాక ఇంకొకటి కావడం. ‘నేను కాదు, అతను వచ్చాడు’ అనాలంటే ‘మెన్ ద్యాల్, ఓల్ గెల్ది’. మాటల వరస కూడా మార్చక్కర్లేదు.

మన కంటే వాళ్ళది తేలికైన చోటు ఒకటుంది. మనం లేను, లేవు, లేడు, లేరు అని మనిషిని బట్టి మారుస్తాం. ‘యోక్’ మారదు. నేనైనా, వాళ్ళయినా, పంపైనా ‘యోక్’ అంతే. ‘ఓల్’ అంటే అతను, ఆమె, అది అన్నీనూ. లింగభేదం గొడవ లేదు.

‘ద్యాల్’ గురించి ఒక పాత ముచ్చట చెప్పాలని నోరు దురదగా ఉంది. 1070ల్లో మహ్మూద్ కాష్గరి అనే పండితుడు తురుష్క భాషల మీద, అంటే తుర్క్‌మెన్, టర్కిష్‌ల కుటుంబం మీద, అరబ్బీలో పెద్ద నిఘంటువు రాశాడు. అందులో ఓగూజులు, అంటే నేటి తుర్క్‌మెన్‌ల, టర్కీ వాళ్ళ భాషాపూర్వీకులు, కాదనడానికి ‘తెగుల్’ అంటారనీ, అది అర్గు తెగవాళ్ళ ‘దాగ్ ఓల్’ అనే మాటనుంచి తెచ్చుకున్నారనీ రాశాడు. మన పంటల తెగులుతో దానికి చుట్టరికం లేదు లెండి. ఆ ‘తెగుల్’ అరిగీ అరిగీ టర్కీలో ‘దెయిల్’ అయింది, మీరున్నచోట ‘ద్యాల్’ అయింది. తొమ్మిది వందల ఏళ్ళుగా కాదంటూనే ఉన్న మాట అది.

ఇక కుర్రాళ్ళు ఎందుకు నవ్వారో చూద్దాం. ‘బిల్యారిన్ ద్యాల్’ అంటే తెలుగులో ‘నాకు తెలుసు కాదు’ అన్నట్టు. అర్థమవుతుంది, కానీ నవ్వొస్తుంది. ‘తెలుసు’కి ‘తెలియదు’ అని మనం క్రియనే మార్చినట్టు వాళ్ళూ క్రియనే మారుస్తారు. సరైన మాట ‘బిలెమోక్’. ఆ దేశంలో మొదటి ఏడాది మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చే మాట ఇదే. దీని ముందు ‘నాకు’ అని పెట్టకండి. తెలుగు అలవాటుకొద్దీ ‘మఙా బిలెమోక్’ అనాలనిపిస్తుంది. వాళ్ళకి తెలియడం నేను చేసే పని, అందుకని ‘మెన్ బిలెమోక్’. ‘నాకు అక్కర్లేదు’ అన్నప్పుడు మాత్రం అచ్చం మనలాగే ‘మఙా గెరెక్ ద్యాల్’.

ఈ ‘బిలెమోక్’ని కాస్త విప్పి చూడండి. ‘బిల్’ అంటే తెలియడం. చివర ‘ఓక్’ ఉంది. అది ఎవరో కాదు, మన ‘యోక్’. లేదు అనే మాటే అరిగిపోయి క్రియకి అతుక్కుంది. మధ్యలో ఉన్న ‘మ్’ ఏమిటి? ‘వగ్తిమ్ యోక్’లో ‘నా’ అని చెప్పిన ‘మ్’ అదే. అంటే ‘బిలెమోక్’ని సాగదీస్తే ‘నా తెలియడం లేదు’ అని వస్తుంది. ‘గెలెమోక్’ అంటే ‘నా రావడం లేదు’, అంటే నేను రావడం లేదు.

మీకేమైనా తట్టిందా? మనం చేసిందీ అదే కదా! ‘రావటం లేదు’ అనే రెండు మాటల్ని నోట్లో నలిపి ‘రావట్లేదు’ చేశాం. క్రియని నామవాచకం చేసి, పక్కన ‘లేదు’ పెట్టి, రెంటినీ అతికించేశాం. గోదావరి ఒడ్డునా, మారీ దగ్గర కారాకుమ్ ఎడారి అంచునా, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు భాషలు ఒకే ఉపాయం పన్నాయి. వ్యాకరణంలో నాకు ఇంతకంటే ఇష్టమైన కాకతాళీయం లేదు.

తేడా ఒక్కటే. మన ‘రావట్లేదు’ అందరికీ ఒకటే, ముందు నేను, నువ్వు పెట్టుకోవాలి. వాళ్ళది లోపలే చెప్పేస్తుంది. నేను గెలెమోక్, నువ్వు గెలెఙోక్, అతను లేక ఆమె గెలెనోక్, మేము గెలెమిజోక్, మీరు గెలెఙిజోక్, వాళ్ళు గెలెనోక్లర్. ‘నా టైము, నీ టైము, మా టైము’ అనడానికి ‘వగ్తిమ్, వగ్తిఙ్, వగ్తిమిజ్’ అంటారు గదా, ఆ తోకలే ఇక్కడ పొట్టలోకి వెళ్ళాయి. అతనిది మాత్రం ‘న్’తో వస్తుంది, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి, పనిలో మీకు ఎక్కువ అక్కరపడేది అదే. క్రియ అచ్చుతో ముగిస్తే ఆ అచ్చు సాగుతుంది. ‘ఇష్లె’ అంటే పనిచెయ్యి. పనిచెయ్యట్లేదు అంటే ‘ఇష్ల్యానోక్’.

పుస్తకాల్లో, వార్తల్లో ‘బిల్మెయ్యారిన్’ లాంటి రూపం కూడా కనిపిస్తుంది. తప్పు కాదు. మీ పనికి ‘బిలెమోక్’ చాలు.

ఇప్పుడు పంపు దగ్గరికి వద్దాం. తెలుగు మిమ్మల్ని ముంచిందన్నాను గదా. మన ‘లేదు’ రెండు పడవల మీద కాళ్ళు పెడుతుంది. ‘పనిచెయ్యట్లేదు’లోనూ లేదే, ‘పనిచెయ్యలేదు’లోనూ లేదే. ఒకటి ఇప్పటి మాట, ఇంకోటి అయిపోయిన మాట. మధ్యలో ఒక్క ‘ట్’ తేడా. తుర్క్‌మెన్‌లో ఈ రెంటికీ పనిముట్లే వేరు. ఇప్పటిదానికి ‘ఓక్’ తోక. అయిపోయినదానికి ‘మ’, ‘మె’. వచ్చాడు ‘గెల్ది’, రాలేదు ‘గెల్మెది’. తీసుకున్నాడు ‘అల్ది’, తీసుకోలేదు ‘అల్మది’. క్రియకీ కాలానికీ మధ్య ఒక చిన్న ‘మె’ దూరింది, అంతే. క్రియలో బరువైన అచ్చు, అంటే అ, ఒ, ఉ లాంటిది ఉంటే ‘మ’, ఎ, ఇ లాంటిది ఉంటే ‘మె’. దీనికి భయపడకండి. ‘రాముకు’ అంటాం గానీ ‘హరికి’ అంటాం, ముందున్న అచ్చుని బట్టి వెనకది సర్దుకోవడం మనకి కొత్త కాదు.

కాబట్టి మీరన్న ‘నసోస్ ఇష్లెమెది’కి ‘పంపు పనిచెయ్యలేదు’ అని అర్థం. రాత్రెప్పుడో పనిచెయ్యలేదు, ఇప్పుడు బాగుందేమో అనుకునే అవకాశం వాళ్ళకి మీరే ఇచ్చారు. మీరు అనాల్సింది ‘నసోస్ ఇష్ల్యానోక్’. ఇప్పుడు, ఈ క్షణాన, పనిచెయ్యట్లేదు. దీన్ని హ్యాండోవర్ పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకోండి. తిరగేసి చేసే తప్పు కూడా ఉంది. ‘నిన్న ఎందుకు రాలేదు?’ అని అడిగితే లేదు అనగానే ‘ఓక్’ గుర్తొచ్చి ‘గెలెమోక్’ అనేస్తాం. అవతలివాడికి ‘నేను రావట్లేదు’ అని వినిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో నేను ఈ తప్పు ఎన్నిసార్లు చేశానో చెప్పుకుంటే సిగ్గు. నిన్నటి మాటకి ‘గెల్మెదిమ్’.

తెలుగు ఇంకో చిన్న గోతిలోకి కూడా తోస్తుంది. ‘నేను మాంసం తినను’ అంటాం, ‘ఇవాళ తినను’ అంటాం. మొదటిది అలవాటు, రెండోది ఇప్పుడు తీసుకున్న నిర్ణయం. మనకి రెంటికీ ‘తినను’ ఒక్కటే. వాళ్ళకి అలవాటైతే ‘మెన్ ఎత్ ఇయెమోక్’, మళ్ళీ ఆ ‘ఓక్’ తోకే. నిర్ణయమైతే ‘మెన్ షు గున్ ఇయ్‌జెక్ ద్యాల్’. ఈ ‘జాక్’, ‘జెక్’ అనేది చేయబోతున్నాను, చేసి తీరతాను అనే భవిష్యత్తు. దాన్ని కాదనడానికి ‘ద్యాల్’ పక్కన పెడతారు. ఇందులో నేను, నువ్వు అనేది క్రియలో ఉండదు, కాబట్టి ‘మెన్’ మింగెయ్యకండి. తెలుగులో ‘తినను’ అంటే ఎవరో తెలిసిపోతుంది గనక మనం ‘నేను’ని తరచుగా వదిలేస్తాం. అక్కడ వదిలేస్తే ఎవరు తినరో తెలియదు.

ఇంకో భవిష్యత్తు ఉంది, కాస్త మెత్తనిది. వస్తానేమో, వస్తాలే అన్న ధోరణి. ‘గెలెరిన్’ అంటే వస్తాను, ‘గెల్మెరిన్’ అంటే రాను. అతను రాడు అనేటప్పుడు మాత్రం ‘ర్’ పోయి ‘జ్’ వస్తుంది, ‘గెల్మెజ్’. ఎందుకని అడక్కండి, చాలా తురుష్క భాషల్లో ఆ ‘జ్’ ఎక్కడో ఒకచోట తల ఎత్తుతుంది.

ఇక మీ క్యాంటీన్ పళ్ళెం. మీ తర్కంలో తప్పు లేదు, దురదృష్టమే. ‘మె’ కనిపించగానే కాదనుకున్నారు. కానీ ‘మెలి’, ‘మాలి’ అనేది విడి తోక, దానర్థం ‘తప్పక చెయ్యాలి’. ‘మెన్ ఇయ్‌మెలి’ అంటే ‘నేను తినాలి’. ఆకలితో ఉన్నవాడు నోరు తెరిచి అడిగితే ఏ పెద్దావిడైనా ఇంకో గరిటె వెయ్యదూ? ‘తినకూడదు’ అనాలంటే దానికి కూడా ‘ద్యాల్’ తగిలించాలి, ‘ఇయ్‌మెలి ద్యాల్’. ‘గిత్‌మెలి’ వెళ్ళాలి, ‘గిత్‌మెలి ద్యాల్’ వెళ్ళకూడదు.

ఇలాంటి దొంగ ‘మె’లు ఇంకా ఉన్నాయి. మీ ప్లాంటు గోడల మీద ‘చిలిమ్ చెక్మెక్ గదగన్’ అని ఉంటే చూడండి. ‘చెక్మెక్’లో ‘మె’ ఉంది కదా అని పొగ తాగకపోవడం నిషేధం అనుకునేరు! ‘మక్’, ‘మెక్’ అనేది మన ‘డం’ లాంటిది. ‘చెక్మెక్’ అంటే పీల్చడం. ‘గదగన్’ అంటే నిషేధం. చిలిమ్ అనే మాట మీకు ముందే తెలుసు, మన పల్లెల్లో పెద్దవాళ్ళు పీల్చే చిలుం. నిజంగా ‘చెయ్యకపోవడం’ అనాలంటే తోక ‘మజ్లిక్’, ‘మెజ్లిక్’ అవుతుంది. ప్రశ్న అడిగే ‘మి’ కూడా చెవికి దగ్గరగానే ఉంటుంది. ‘గెల్దిఙ్‌మి?’ అంటే వచ్చావా, ‘గెల్మెదిఙ్‌మి?’ అంటే రాలేదా. చివర ‘మి’ వస్తే అది ప్రశ్న, మధ్యలో ‘మె’ వస్తే అది కాదనడం.

అన్నిటికంటే పెద్ద దొంగ మీ ఇంట్లోనే ఉంది. పరోటాలోకి కుర్మా చేసుకుంటాం గదా. ఆ మాట ఉర్దూ మీదుగా మనకి వచ్చింది గానీ పుట్టింది తురుష్క భాషల్లోనే. తుర్క్‌మెన్‌లో ఈనాటికీ ‘గొవుర్మా’ అంటే కొవ్వులో వేయించి దాచుకునే మాంసం. ‘గొవుర్’ అంటే వేయించు, ‘మా’ చేరిస్తే వేయించినది. అదే ‘గొవుర్మా’ని ఆజ్ఞగా అంటే ‘వేయించకు’ అని. రొట్టె, మాంసం తుంపి చేసే ‘దోగ్రమా’ మీకు ఈపాటికి పెట్టే ఉంటారు. తుంపినది అనీ అర్థం, తుంపకు అనీ అర్థం. వంటకమా, మందలింపా అన్నది వంటింట్లో ఎవరు ఏ గొంతుతో అంటున్నారో చూసి తెలుసుకోవాలి.

వద్దు అని చెప్పడానికి మనకి ‘వద్దు’ అనే బ్రహ్మాండమైన మాట ఉంది. వాళ్ళకి అచ్చంగా అలాంటిది లేదు. వస్తువు వద్దంటే ‘గెరెక్ ద్యాల్’, అక్కర్లేదని. పని వద్దంటే క్రియకి ‘మె’ తగిలించి ఊరుకోవడమే. ముట్టుకోకు ‘దెగ్మె’, తెరవకు ‘అచ్మా’. పెద్దవాళ్ళతో, బయటివాళ్ళతో మాత్రం చివర ‘ఙ్’ చేర్చండి, ‘దెగ్మ్యాఙ్’, ‘అచ్మాఙ్’. మన ‘ముట్టుకోకు’, ‘ముట్టుకోకండి’ తేడానే. నాలుగు నెలలుగా సీనియర్లతో ‘దెగ్మె’ అంటూ వచ్చి ఉంటే, ఇవాళే మానెయ్యండి. కుదరదు, కూడదు అనేదానికి ‘బోలనోక్’. సరే అనడానికి రోజూ వినే ‘బోల్యార్’కి ఇది ఎదురు మాట. వెళ్ళకపోతే కుదరదు అనాలంటే ‘గిత్‌మెసెమ్ బోల్మజ్’. రెండు కాదులు కలిసి ఒక గట్టి అవును, మనలాగే.

‘రాకుండా’, ‘తినకుండా’ అనేదానికి ‘మ్యాన్’, ‘మాన్’. ‘ఇయ్‌మ్యాన్ గెల్దిమ్’ తినకుండా వచ్చాను. ‘రాని మనిషి’ అనేదానికి ‘గెల్మెదిక్ ఆదమ్’. ఇక్కడ నవ్వుకోవడానికొకటి ఉంది, ‘బిజ్ గెల్మెదిక్’ అంటే మేము రాలేదు. రాని, రాలేదు రెండూ ఒకే రూపం. వెనక మనిషి పేరుందా, ముందు ‘బిజ్’ ఉందా అన్నది చూసుకోండి, చాలు.

ఎవరూ, ఏమీ, ఎప్పుడూ అనే మాటలు చూడండి. ‘ఎవరూ వచ్చారు’ అని మనం అనం, ‘ఎవరూ రాలేదు’ అంటాం. ఇంగ్లీషులో ‘నోబడీ కేమ్’ అంటే క్రియ మామూలుగానే ఉంటుంది. తుర్క్‌మెన్ మన పక్షం. ‘హిచ్ కిమ్ గెల్మెది’. ‘హిచ్’ ఉంటే క్రియ కూడా కాదనాల్సిందే. ‘హిచ్ జాత్ బిలెమోక్’ నాకేమీ తెలియదు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు ఇక్కడ అతి తెలివితో ఒక కాదుని తీసేస్తారు. మీరు తియ్యకండి.

చివరికి మీ టర్కిష్ యాప్. అది పూర్తిగా పనికిరానిదనను, ‘మె’, ‘యోక్’ అక్కడా ఉన్నాయి. కానీ ఒక్క చోట దెబ్బతీస్తుంది. టర్కిష్‌లో ‘గెలెమెమ్’ అంటే ‘రాలేను’, చేతకాదు అని. మీ తోటి కుర్రాడు ‘గెలెమోక్’ అన్నప్పుడు చెవికి అలాగే తగిలి, పాపం ఏదో ఇబ్బంది వచ్చి రాలేకపోతున్నాడు అనుకుంటారు. అతను చెప్పింది ‘రావట్లేదు’ అని మాత్రమే. ‘రాలేను’కి తుర్క్‌మెన్‌లో రెండు క్రియలు కావాలి. ‘గెలిప్ బిలెమోక్’. ‘గెలిప్’ అంటే వచ్చి, ‘బిలెమోక్’ మీకు తెలిసిందే. ‘వచ్చి ఎరగను’ అన్నట్టు. ఈత రాదు అనడానికి కూడా ‘యూజూప్ బిలెమోక్’, ఈది ఎరగను. మనం ‘నాకు ఈత తెలియదు’ అంటే చేతకాదనే కదా అర్థం. అందుకని తాళం చెవి పోయి గది తెరవలేకపోతున్నా, బోల్టు బిగుసుకుపోయి ఊడదీయలేకపోతున్నా, ఆ ‘బిలెమోక్’నే వెనక తగిలించండి.

క్యాంటీన్ ఆవిడ సంగతి మిగిలింది. ఆమెని ‘దాయ్‌జా’ అనండి, మనం వయసులో పెద్దావిణ్ణి పిన్నిగారూ అన్నట్టు. ‘ఇయ్‌జెక్ ద్యాల్’ అనడం వ్యాకరణానికి సరైనదే గానీ వడ్డించే చేతికి మొహం మీద కొట్టినట్టుంటుంది. మన పెళ్ళి బంతిలో ‘తినను’ అని ఎవరంటారు? ‘చాలండీ, కడుపు నిండింది’ అంటాం. అక్కడా అదే పద్ధతి. ‘సాగ్ బోలుఙ్, దాయ్‌జా, దోయ్‌దుమ్’. చల్లగా ఉండండి, నాకు నిండిపోయింది. ఇందులో మ లేదు, మె లేదు, ఓక్ లేదు. గరిటె ఆగుతుంది. ఆగకపోతే మటుకు అది వ్యాకరణం చెయ్యగలిగిన పని కాదు, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టండి.